పిల్లల చదువు, తల్లి టెన్షన్, కౌన్సెలింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

స్కూలు వయసు పిల్లలున్న తల్లులతో మాట్లాడటం నా పని. ఊళ్లు మారతాయి, సిలబస్‌లు మారతాయి, అడిగే సందేహాలు మాత్రం అవే. అందుకే వాటిని ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, ఏ జవాబుకా జవాబు విడిగా అర్థమవుతుంది. ఇక్కడున్నదంతా తల్లి ఒత్తిడి గురించే. మార్కులు పెంచే చిట్కాలు దొరకవు.

## వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

పిల్లల చదువు టెన్షన్‌కి కూడా కౌన్సెలింగ్ ఏంటండీ? అందరిళ్లలో ఉండేదే కదా?

అందరికీ ఉండేదే కదా అని కాన్పుకు ఆసుపత్రికి వెళ్లడం మానలేదు కదా. పైగా ఈ బరువు ఎవరి నెత్తిన పడుతోందో చూడండి. కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో, ఇంటి పనులు చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వాటికి పెడుతున్నారని తేలింది. పిల్లల్ని చూసుకునే సమయం ఇందులో కలవలేదు. అంటే దాదాపు ఐదు గంటల చాకిరీ అయ్యాక, ఆ అలసట మీద హోంవర్క్ మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల్ని బడికి పంపినందుకు ఇచ్చే సాయం, 2020లో అమ్మ ఒడి అయినా తర్వాత వచ్చిన తల్లికి వందనం అయినా, తల్లి ఖాతాలోనే పడుతోంది. మంచిదే. కానీ పిల్లాడు వెనకబడితే ఆ లెక్క కూడా ఆమె ఖాతాలోనే రాస్తున్నారు. ఇది నాకు నచ్చని సంగతి.

నాది మామూలు చిరాకా, అంతకు మించిందా? ఎలా తెలుస్తుంది?

రోజు మొత్తం మీద ఎప్పుడో ఒకసారి విసుక్కుని, రాత్రికి మామూలైపోతే అది అలసట. రెండు వారాలకు పైగా, దాదాపు రోజూ, ఇవి ఉంటే మాత్రం ఎవరితోనైనా మాట్లాడాలి: నిద్ర పట్టకపోవడం లేదా తెల్లవారుజామునే మెలకువ వచ్చేయడం, ఆకలి తగ్గడం, స్కూల్ బస్ హారన్ వినగానే గుండె దడ, ఊరికే ఏడుపు రావడం, ఇంతకుముందు ఇష్టంగా చేసిన పనులు కూడా చేదుగా అనిపించడం. డిప్రెషన్‌ను అంచనా వేయడానికి డాక్టర్లు పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం ఇస్తారు. గత రెండు వారాల గురించే అడుగుతారు. 27కి 10 లేదా ఆపైన వస్తే వివరంగా పరీక్షించాలని అర్థం, అంతేగాని జబ్బు ఖాయమని కాదు.

ఇంకో మాట. థైరాయిడ్ తేడా చేసినా, ఒంట్లో రక్తం తక్కువైనా ఇలాగే నీరసం, చిరాకు ఉంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకని హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చేయించుకుని వెళ్తే సగం అనుమానం అక్కడే తీరుతుంది.

పిల్లాణ్ణి కొట్టేశాను. తర్వాత బాత్రూంలోకి వెళ్లి నేనే ఏడ్చాను. నేను చెడ్డతల్లినా?

ఈ ప్రశ్నకు అవునని గానీ కాదని గానీ చెప్పడం వల్ల రేపటి సాయంత్రం మారదు. కౌన్సెలర్ చూసేది కొట్టడానికి ముందు పది నిమిషాల్లో ఏం జరిగిందన్నది. ఆకలా, ఫోన్లో వచ్చిన మెసేజా, ఎవరైనా అన్న మాటా? ఆ పది నిమిషాలు చేతికి చిక్కితే చెయ్యి ఆగుతుంది.

ఈలోగా పిల్లాడితో ఒక మాట చెప్పండి: "నాకు కోపం వచ్చి కొట్టాను. కొట్టకూడదు. అది నీ తప్పు కాదు." అక్కడితో ఆపేయాలి. "కానీ నువ్వు కూడా..." అని మొదలుపెడితే క్షమాపణ కాస్తా మళ్లీ క్లాసు అవుతుంది. వారానికి రెండు మూడుసార్లు చెయ్యి లేస్తున్నా, ఒంటి మీద వాతలు తేలుతున్నా ఈ వారంలోనే సాయం తీసుకోండి.

చదవాల్సింది వాడు. కౌన్సెలింగ్ నాకెందుకు?

వాడికి అవసరమైతే వాడికీ ఇప్పించవచ్చు. కానీ సాయంత్రం బల్లకు రెండువైపులా ఇద్దరు మనుషులు కూర్చుంటారు. ముందు మారగలిగేది వాళ్లలో పెద్దవారే.

## ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చుకునేటప్పుడు

సైకాలజిస్టా, సైకియాట్రిస్టా, కౌన్సెలరా? పేర్లతోనే తికమకగా ఉంది.

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి, ఆపైన మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. ఈ ముగ్గురిలో మందులు రాయగలిగేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్ట్ మాటలతో చికిత్స చేస్తారు, పిల్లల తెలివితేటలకు, చదువు ఇబ్బందులకు సంబంధించిన పరీక్షలు చేస్తారు. వీళ్లకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు నంబర్ ఉంటుంది, అడిగితే చెప్పాలి. కౌన్సెలర్ అనే బోర్డుకు మాత్రం అలాంటి కట్టుదిట్టం లేదు. ఎమ్మెస్సీ సైకాలజీ చేసి ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లూ పెడతారు, వారాంతపు కోర్సు చేసినవాళ్లూ పెడతారు.

కాబట్టి ఫోన్లోనే అడిగేయండి: ఏం చదివారు, తెలుగులో మాట్లాడతారా, ఒక సిట్టింగ్‌కు (ఒకసారి కూర్చుని మాట్లాడేదానికి) ఫీజు ఎంత, ఎంతసేపు. నిద్ర, తిండి బాగా చెడితే మొదట సైకియాట్రిస్ట్ దగ్గరికి, గొడవంతా హోంవర్క్ చుట్టూనే తిరుగుతుంటే సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. వేలిముద్రలు చూసి పిల్లాడి తెలివి చెబుతామనేవాళ్ల దగ్గరికీ, కళ్లకు గంతలు కట్టి చదివిస్తామనేవాళ్ల దగ్గరికీ వెళ్లకండి. వాటికి శాస్త్రీయ ఆధారం లేదు, ఫీజు మాత్రం గట్టిగా ఉంటుంది.

డబ్బు పెట్టుకోలేను. ఉచితంగా ఎక్కడైనా ఉందా?

ఉంది. 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ అది. 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అవసరమైతే దగ్గర్లోని ఆసుపత్రికి పంపిస్తారు.

నేరుగా వెళ్లాలంటే జిల్లా ఆసుపత్రుల్లో, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఎర్రగడ్డ అనగానే సినిమా జోకులు గుర్తొచ్చి చాలామంది వెనకాడతారు. నిద్ర పట్టనివాళ్లు, ఆందోళనతో గుండె దడ ఉన్నవాళ్లు కూడా అక్కడ ఓపీలో చూపించుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు.

ఫోన్లో మాట్లాడితే పనవుతుందా? మా ఇంట్లో గుట్టుగా మాట్లాడే చోటే లేదు.

అవుతుంది. చోటు వెతుక్కోవడమే పెద్ద పని. పిల్లాణ్ణి ట్యూషన్‌లో దింపి ఆ గంట స్కూటీ పక్కన పెట్టుకుని మాట్లాడేవాళ్లున్నారు. డాబా మీద బట్టలు ఆరేస్తూ, గుడి అరుగు మీద కూర్చుని మాట్లాడేవాళ్లున్నారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే అవతలి మాట బయటికి రాదు. ఎవరైనా వస్తే వాడటానికి కౌన్సెలర్‌తో ముందే ఒక మాట అనుకోండి. "సరే వదినా, బియ్యం సంగతి రేపు చెప్తా" అంటే ఫోన్ పెట్టేయాలని అవతలివాళ్లకు తెలియాలి.

విషయం బయటికి పొక్కితే? మాది చిన్న ఊరు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం మీ హక్కు. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు, ఇంకా అలాంటి కొద్ది సందర్భాల్లోనే మినహాయింపు. మీ ఆయనకు కూడా మీ అనుమతి లేకుండా చెప్పకూడదు. స్కూల్లో ఉండే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేట్లయితే మాత్రం ముందే అడగండి: నేను చెప్పింది ప్రిన్సిపాల్‌కు వెళ్తుందా? జవాబు నీళ్లు నమిలినట్టుంటే బయట చూసుకోండి.

## మొదటి సిట్టింగులు

మొదటిరోజు ఏం అడుగుతారు? నాకు సరిగ్గా చెప్పడం రాదు.

వరసగా చెప్పాల్సిన పనేం లేదు. నిన్న సాయంత్రం బడి నుంచి వచ్చిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏం జరిగిందో చెబితే చాలు, మిగతావి వాళ్లే అడుగుతారు. మీ నిద్ర, ఆరోగ్యం, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, మీ చిన్నప్పుడు మీకు చదువు ఎవరు చెప్పేవాళ్లు లాంటివి. ఈ చివరి ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోతారు. ఇంటర్‌తో చదువు మాన్పించి పెళ్లి చేసిన తల్లికి, కూతురి ప్రోగ్రెస్ కార్డు ఒట్టి కార్డు కాదు. ఏడుపొస్తే ఏడవండి, ఏమీ అనుకోరు.

వెళ్తే మందులు రాసేస్తారేమో?

సైకాలజిస్ట్, కౌన్సెలర్ మందులు రాయరు. సైకియాట్రిస్ట్ కూడా అందరికీ రాయరు. రాస్తే ఎందుకు, ఎన్నాళ్లు, మత్తుగా ఉంటుందా, పాలిచ్చే బిడ్డ ఉంటే వాడొచ్చా అని అడిగి తెలుసుకోండి. మొదలుపెట్టినవి మీ అంతట మీరు ఆపకండి.

ఎన్నిసార్లు వెళ్లాలి? ఏళ్ల తరబడి సాగుతుందా?

ఇలాంటి ఒత్తిడికి సాధారణంగా అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ పద్ధతిలో ఐదే సిట్టింగులు: ఒత్తిడి తగ్గించుకోవడం, సమస్యను ముక్కలుగా విడగొట్టడం, ఆపేసిన పనులు మళ్లీ మొదలుపెట్టడం, సాయం అడగడం. గోవాలో డిప్రెషన్ ఉన్నవాళ్ల మీద జరిగిన పరిశోధన ఒకటి 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అక్కడ ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులే పెట్టారు. మాట్లాడినవాళ్లు డాక్టర్లు కూడా కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. ఫలితం కనిపించింది. కాబట్టి మొదటిరోజే "సుమారుగా ఎన్ని?" అని అడగండి. ఇరవై సిట్టింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమంటే తొందరపడకండి.

'డైరీ రాయండి' అన్నారు. అసలే టైం లేదు. ఏం రాయాలి?

నాలుగు గళ్లు: టైం, జరిగింది, అనిపించింది, చేసింది. పిల్లాడి పాత నోట్‌బుక్ వెనక పేజీ సరిపోతుంది. గొడవైన రోజే రాయండి. అది ఇలా ఉంటుంది:

"బుధవారం, 7.20. లెక్కల పుస్తకం తీశాడు. ఏడో ఎక్కం అడిగితే ఏడు ఆర్లు దగ్గర ఆగి ఫ్యాన్ వంక చూశాడు. కుక్కర్ మూడో విజిల్. వీడికి ఏమీ రాదు, శనివారం పేరెంట్స్ మీటింగ్‌లో నా పరువు పోతుంది అనిపించింది. దవడలు బిగుసుకున్నాయి. స్కేలు తీశాను. 7.40కి ఇద్దరం ఏడుస్తున్నాం."

ఈ పేజీ పట్టుకుని ఒక సిట్టింగ్ మొత్తం గడపొచ్చు. ఏడు ఆర్లు రాలేదన్నది జరిగిన సంగతి. ఏమీ రాదన్నది మీ అంచనా. ఏడు ఐదుల వరకు గడగడా చెప్పాడని అదే పేజీలో ఉంది, మీరే రాశారు. ఇక పరువు. ఎవరి ముందు? టీచర్ ముందా, పక్కన కూర్చునే మిగతా తల్లుల ముందా, ఇంటికొచ్చాక అడిగే మామగారి ముందా? మనిషి ఎవరో తేలితే భయానికి ఒక హద్దు దొరుకుతుంది. దవడలు బిగుసుకోవడం కూడా పనికొచ్చే సమాచారమే. చెయ్యి స్కేలు మీదికి వెళ్లేముందు మీ ఒళ్లు ఇచ్చే హెచ్చరిక అది. అది తెలిసిన రోజున లేచి మంచినీళ్లు తాగడానికి మీకు ఒక అర నిమిషం దొరుకుతుంది.

తర్వాత టైం గడి చూడండి. 7.20కి వాడికి ఆకలి, మీకు వంట. ఎక్కాలు పొద్దున బూట్లు వేసుకునేటప్పటికి మార్చి, హోంవర్క్ ఆరింటికి జరిపితే చాలా ఇళ్లలో సగం గొడవ తగ్గుతుంది. ఏ సిద్ధాంతమూ అక్కర్లేని మార్పు ఇది, కానీ రాసుకుంటే తప్ప కంటికి కనిపించదు.

గట్టిగా ఊపిరి పీల్చుకోమంటారు. అంతేనా?

పీల్చడం కంటే వదలడం ముఖ్యం. నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా మెల్లగా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం తగ్గుతుంది, అందుకే వదలడం పొడిగిస్తాం. రెండు మూడు నిమిషాలు చేయాలి. కోపం నషాళానికి ఎక్కాక మొదలుపెడితే పనిచేయదు. గొడవ లేనప్పుడు, బియ్యం కడిగేటప్పుడో బస్సులోనో అలవాటు చేసుకోండి. దీనితోనే అంతా అయిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. మామగారి మాటలు, అయిదో తరగతి ఫీజు ఊపిరితో తగ్గవు.

## ఇంట్లో, హోంవర్క్ వేళ

నేను తెలుగు మీడియం. వాడి పుస్తకం నాకే అర్థం కాదు. సిగ్గుగా ఉంటుంది. ఎలా చెప్పను?

చెప్పకండి, చెప్పించుకోండి. "ఇవాళ సైన్స్‌లో ఏం చెప్పారో నాకు తెలుగులో చెప్పు" అనండి. పాఠాన్ని సొంత మాటల్లో ఇంకొకరికి చెప్పినప్పుడు అది గట్టిగా గుర్తుంటుంది. చెప్పలేక ఆగిన చోటే వాడికి రాని చోటు. దాన్ని పెన్సిల్‌తో గుర్తు పెట్టి రేపు టీచర్‌ను అడగమనండి. దీనికి మీకు ఇంగ్లిష్ అక్కర్లేదు, ఓపిగ్గా వినడం వస్తే చాలు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లో ఇప్పుడు ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇస్తున్నారు, ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. మీ పిల్లలు ప్రైవేటు బడిలో ఉన్నా పక్కింటి పిల్లల దగ్గర ఆ పుస్తకం తీసుకుని చూసుకోవచ్చు.

కౌన్సెలింగ్‌లో సిగ్గు సంగతి విడిగా మాట్లాడతారు. తనకు రానిది పిల్లల ముందు ఒప్పుకోవడం చాలామంది తల్లులకు మొదట్లో ప్రాణం పోయినంత పనవుతుంది. మూడో తరగతి పిల్లాడు అమ్మకు పాఠం చెప్పేటప్పుడు వాడి మొహం చూశాక కాస్త తేలికపడతారు.

రోజుకు ఎంతసేపు కూర్చోబెట్టాలి? రాత్రి పదైనా అవ్వట్లేదు.

కేంద్ర విద్యాశాఖ 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ఏమంటుందంటే: రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దు. మూడు నుంచి ఐదు తరగతులకు వారానికి రెండు గంటలకు మించకూడదు. గమనించండి, రోజుకు కాదు, వారానికి. ఆరు నుంచి ఎనిమిదికి రోజుకు గంట. ఆపైన రోజుకు రెండు గంటలు. టెక్నో, ఫౌండేషన్ అని పేర్లు పెట్టుకున్న బడుల్లో ఈ లెక్క నవ్వులాటలాగే ఉంటుంది, నాకు తెలుసు. అయినా మీ పిల్లాడు నెమ్మది కాబట్టి ఆలస్యమవుతోందా, ఇచ్చిందే ఎక్కువా అన్నది తేల్చుకోవడానికి ఇది కొలత.

నేను చెప్పేది ఒకటే: గడియారం చూసి ఒక టైం పెట్టి, అక్కడ పుస్తకం మూసేయండి. మిగిలితే డైరీలో "ఇంతసేపు చేశాడు, ఇంతవరకు అయింది" అని రాసి సంతకం పెట్టండి. మిగిలింది మీరు ఎడమచేత్తో రాసి పూర్తి చేయకండి. థర్మోకోల్ ప్రాజెక్టులు, చార్టులు కూడా అంతే.

ఉద్యోగం చేస్తాను. ఎనిమిదింటికి ఇంటికొచ్చి మళ్లీ పుస్తకాలా?

వద్దు. ట్యూషనో, ఇంట్లో ఇంకొకరో చూసుకునే ఏర్పాటు చేసి, మీకు మిగిలిన అరగంట చదువు ఊసు లేకుండా గడపండి. అలా గడిపితే నిర్లక్ష్యం చేస్తున్నట్టు అనిపిస్తుంది. ఆ అపరాధభావం గురించే కౌన్సెలింగ్‌లో ఎక్కువసేపు మాట్లాడాల్సి వస్తుంది.

క్లాస్ వాట్సాప్ గ్రూప్ చూస్తేనే కడుపులో తిప్పుతోంది. బయటికి వచ్చేయనా?

రావక్కర్లేదు, మ్యూట్ చేయండి. రోజుకు ఒక్కసారి, ఒకే టైంకి తెరిచి టీచర్ పెట్టిన మెసేజ్‌లు మాత్రం చూడండి. "మా బాబుకి స్లిప్ టెస్ట్‌లో 25కి 25" అనే ఫొటోల కింద చప్పట్లు కొట్టే బాధ్యత మీకు లేదు. గ్రూపులో తక్కువ మార్కుల కాగితం ఎవరూ పెట్టరు కాబట్టి, అక్కడ కనిపించే క్లాసు నిజం క్లాసు కాదు.

ఎంత చెప్పినా ఇంగ్లిష్ 'బి', 'డి' తిరగేసి రాస్తాడు. నోటితో అడిగితే అన్నీ చెప్తాడు. బద్ధకమా?

ఆరేడేళ్ల దాకా అక్షరాలు తిరగబడటం మామూలే. మూడో తరగతికి వచ్చినా తగ్గకపోతే, చదవడం కూడా తడబడుతుంటే పరీక్ష చేయించండి, చదవడంలో ప్రత్యేక ఇబ్బంది ఉండొచ్చు. తెలివికీ దీనికీ సంబంధం లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఇదీ ఉంది. ఎనిమిదేళ్లు నిండాక ధ్రువపత్రం ఇస్తారు. అది ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు లాంటి వెసులుబాట్లు అడగొచ్చు. చూపు, వినికిడి కూడా ముందే చూపించండి. జిల్లా ఆసుపత్రుల్లోని సత్వర చికిత్సా కేంద్రాల్లో ఉచితంగా చూస్తారు.

తల్లికి ఇది రెండు రకాలుగా తగులుతుంది. బద్ధకం కాదని తేలినందుకు ఊరట, ఇన్నాళ్లూ తిట్టానే అని బాధ. రెండూ ఒకే రోజు వస్తాయి. రిపోర్టు వచ్చిన వారంలోనే మీకోసం ఒక సిట్టింగ్ పెట్టుకోండి.

## ఇంట్లోవాళ్లతో, స్కూలుతో

మా ఆయన 'ఇంట్లో ఖాళీగానే ఉంటావు కదా' అంటారు. ఆయన్నెలా దారికి తేవాలి?

"మీరు అస్సలు పట్టించుకోరు" అంటే వాదన మొదలవుతుంది. "మంగళవారం, గురువారం లెక్కలు మీవి. ఆ గంట నేను గదిలోకి రాను" అంటే ఒక పని అప్పగించినట్టు. ఈ మాటను సిట్టింగ్‌లో కౌన్సెలర్ ముందు రెండు మూడుసార్లు పైకి అని చూస్తారు, ఎందుకంటే ఇంట్లో మొదటిసారి అనేటప్పుడు గొంతు వణుకుతుంది. ఒకసారి ఆయన్నీ రమ్మంటారు. రానంటే మీ ఒక్కరితోనే పని సాగుతుంది.

కష్టమైన భాగం తర్వాత ఉంది. ఆయన తనకు తోచినట్టు చెప్తారు, మధ్యలో ఫోన్ చూస్తారు, సగం వదిలేస్తారు. మీరు తలుపు దగ్గర నిలబడి సరిదిద్దితే గురువారం నుంచి లెక్కలు మళ్లీ మీవే.

చదువు పేరుతో ఆయన మీ మీదో పిల్లల మీదో చెయ్యి చేసుకుంటుంటే ఇది సర్దుబాటు చేసుకోవాల్సిన విషయం కాదు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. సఖి కేంద్రాల్లో కౌన్సెలింగ్, న్యాయ సలహా ఉచితంగా ఇస్తారు.

అత్తగారు మా తోటికోడలి పిల్లలతో పోలుస్తారు. ఎదురు చెప్పలేను. ఏం చేయను?

ఎదురు చెప్పకుండానే మాట మళ్లించవచ్చు: "అవునత్తయ్యా, వాడు బాగా చదువుతాడు. మావాడికి మీరు కథ చెబితే బాగా వింటాడు, ఇవాళ ఒకటి చెప్పండి." ఇది పొగడ్త కోసం అనడం కాదు, నిజంగానే ఆమెకు ఒక పని ఇవ్వండి. పిల్లాడి ముందే పోలిక వస్తే మాత్రం వాణ్ణి పక్క గదికి పంపి, తర్వాత వాడితో ఆ మాట గురించి మాట్లాడండి. మీ మనసులో మిగిలిపోయిన ఉక్రోషాన్ని సిట్టింగ్‌లో దించుకోండి, లేకపోతే అది రాత్రి డిక్టేషన్ వేళ వాడి మీద పడుతుంది.

టీచర్ మీటింగ్‌లో అందరి ముందు 'ఇంట్లో మీరు చూడట్లేదా' అన్నారు. ఏమనాలి?

"విడిగా పది నిమిషాలు మాట్లాడొచ్చా మేడమ్?" అని అడగండి. అప్పుడు ఒకటే అంశం పట్టుకెళ్లండి, మూడు కాదు. "ఇంట్లో గంట కూర్చుంటాడు, రాయడం దగ్గర ఆగుతున్నాడు. క్లాసులో ఎలా ఉంటున్నాడు?" అంటే ఆమె కూడా సంజాయిషీ అడిగే ధోరణి నుంచి బయటికొస్తుంది. బడిలో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం. అలాంటిదేదైనా ఉంటే నోటిమాటతో వదలకుండా రాసి ఇవ్వండి.

మా పాప టెన్త్. దానికంటే నాకే ఎక్కువ భయం. తెల్లవారుజామున నాలుగింటికి దానితోపాటు లేస్తున్నాను.

టీ ఫ్లాస్కులో పోసి పెట్టి మీరు పడుకోండి. పక్కన కునికిపాట్లు పడుతూ కూర్చునే తల్లి వల్ల పాఠం ఎక్కదు, మీ నిద్ర చెడి పగలు కోపం పెరుగుతుంది. కౌన్సెలింగ్‌లో ఈ వయసు తల్లులతో ఎక్కువగా చేసేది, భయాన్ని చివరిదాకా నడిపించి చూడటం. తప్పితే? రెండు రాష్ట్రాల్లోనూ అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు అదే వేసవిలో పెడతారు, పాసైతే ఏడాది వృథా కాదు. అనుకున్న కాలేజీలో సీటు రాకపోతే? ఇంకో రెండు కాలేజీల పేర్లు ఇప్పుడే రాసుకోండి. రిజల్ట్స్ రోజు ఎవరు చూస్తారు, తక్కువ వస్తే మొదట ఎవరు ఏం అంటారు, బంధువుల ఫోన్లు ఎవరు ఎత్తుతారు అన్నవి ముందే అనుకోండి. మొదటి వాక్యం కాగితం మీద రాసుకున్నా తప్పులేదు: "అన్నం తిందాం, తర్వాత చూద్దాం."

మేము అమెరికాలో ఉంటాం. ఇక్కడ తెలుగులో చెప్పుకునే దిక్కెవరు?

అక్కడ థెరపిస్టుల లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి మీ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న తెలుగువారు దొరుకుతారేమో మీ ఇన్సూరెన్స్ జాబితాలో భాష పెట్టి వెతకండి. పిల్లల బడిలోని కౌన్సెలర్‌తో మాట్లాడటం ఉచితం, దుబాసీని కూడా అడగొచ్చు. ప్రాణం మీదికి వచ్చేంత బాధగా ఉంటే అక్కడి ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి. నేను గమనించింది ఏంటంటే అక్కడి తల్లులకు బడి కంటే వారాంతమే బరువు: మనబడి తెలుగు క్లాసు, కూచిపూడి, కుమాన్ ట్యూషన్, స్పెల్లింగ్ బీ పోటీలు, వీటి మధ్య డ్రైవింగ్. ఒకటి తీసేయడానికి అనుమతి కోసమే సిట్టింగ్‌కు వస్తారు.

## మధ్యలోనూ, చివర్లోనూ

నాలుగుసార్లు వెళ్లాను. ఏమీ మారలేదు. మానేయనా?

మానేసేముందు కౌన్సెలర్‌కు ఆ మాట చెప్పండి. నొచ్చుకోరు, నొచ్చుకుంటే మీరు కౌన్సెలర్‌ను మార్చాల్సిందే. మీరు వినడమే తప్ప ఇంట్లో ఏమీ చేసి చూడకపోయి ఉండొచ్చు, ఆమె పట్టుకున్న విషయం మీ అసలు బాధ కాకపోయి ఉండొచ్చు, మందు అవసరమైన డిప్రెషన్ అయ్యుండొచ్చు. ఎప్పుడూ సలహాలే ఇస్తూ మిమ్మల్ని మాట్లాడనివ్వకపోయినా, "ఆడవాళ్లు సర్దుకుపోవాలి" అన్నా ఇంకొకరిని చూసుకోండి. మార్పును మార్కుల్లో వెతక్కండి. గొడవైన సాయంత్రాలు వారానికి ఎన్ని అన్నదే కొలత.

ఒక్కోసారి చచ్చిపోతే బాగుండు, వీళ్లయినా సుఖంగా ఉంటారు అనిపిస్తోంది. ఎవరికీ చెప్పలేదు.

ఇవాళే చెప్పండి. ఇప్పుడే 14416కు ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఎలా చేసుకోవాలో కూడా ఆలోచన వస్తుంటే ఒంటరిగా ఉండకండి. ఇంట్లో ఒకరిని లేపండి, పక్కింటావిడనైనా పిలవండి, అత్యవసర నంబర్ 112కు ఫోన్ చేయండి లేదా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. పురుగుమందు, నిద్రమాత్రలు లాంటివి ఇంట్లో ఉంటే వేరొకరికి ఇచ్చి బయట పెట్టించండి. మీరు లేకపోతే వాళ్లు సుఖంగా ఉంటారన్నది ఆ జబ్బు చెప్పించే మాట. చికిత్సతో అది తగ్గుతుంది.

బాగానే ఉంది అనుకున్నాక పరీక్షల సీజన్ రాగానే మళ్లీ మొదటికొస్తే?

వస్తుంది, చాలామందికి వస్తుంది. బడుల్లో టర్ము చివర పెట్టే ఎస్ఏ పరీక్షలు, మార్చి నెల, సంక్రాంతి సెలవుల తర్వాత వారం, కొత్త తరగతి మొదలయ్యే జూన్, ఇవి తెలిసిన గండాలే. అందుకే సిట్టింగులు ముగించేటప్పుడు ఒక పేజీ రాయించుకోండి: నాకు మొదట కనిపించే గుర్తు ఏమిటి, ఆ వారం ఏ పని తగ్గించుకుంటాను, ఎవరికి ఫోన్ చేస్తాను. అది బీరువా తలుపు లోపల అంటించుకోండి. ఫిబ్రవరిలో ఒక సిట్టింగ్‌కు ఇప్పుడే అపాయింట్‌మెంట్ పెట్టుకోండి, అవసరం లేకపోతే రెండు రోజుల ముందు ఫోన్ చేసి రద్దు చేసుకోవచ్చు.